మా బ్యాగ్‌లోకి డ్రైవర్ ఎందుకు రాదు? ఆన్‌లైన్ గోల్ఫ్ గేమ్ నడిపేవారికి బహిరంగ లేఖ

గేమ్ డిజైన్ చేసేవారికి, దాని రాబడి లెక్కలు చూసేవారికి,

నమస్కారం.

మీ గేమ్ పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. ఫోన్లో ఆడే ఆన్‌లైన్ గోల్ఫ్ గేములు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి రాయకపోయినా వచ్చిన నష్టం లేదు. ఇద్దరు ఎదురెదురుగా ఒక హోల్ ఆడతారు, అంటే మొదటి షాట్ కొట్టే 'టీ' నుంచి బంతి గుంతలో పడేదాకా. గెలిచినవాళ్లకి కాయిన్లు, ఒక పెట్టె. పెట్టె తెరుచుకోవాలంటే కొన్ని గంటలు ఆగాలి, ఆగలేకపోతే జెమ్స్ (డబ్బిచ్చి కొనే గేమ్ రత్నాలు) ఖర్చుపెట్టాలి. లోపల క్లబ్బుల, అంటే బంతిని కొట్టే కర్రల కార్డులుంటాయి. వాటిలో అన్నిటికన్నా దూరం కొట్టేది డ్రైవర్. సరిపడా కార్డులు పోగైతే ఆ క్లబ్ ఒక లెవెల్ పెరుగుతుంది. ఇది చదివి 'మా గేమ్ గురించే' అని ముగ్గురు నలుగురు భుజాలు తడుముకుంటే ఇంకా మంచిది.

మీ ఆట మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. తెలుగువాళ్లలో గోల్ఫ్ కోర్సు గేటు దాటి లోపలికి వెళ్లినవాళ్లు ఎంతమంది ఉంటారు? గోల్కొండలో నయాఖిలా వైపు పోతూ పచ్చటి మైదానం కనిపిస్తే 'అదా, పెద్దోళ్ల ఆట' అనుకుని బండి ముందుకు పోనిచ్చినవాళ్లమే ఎక్కువ. బర్డీ అంటే ఏంటో, గాలి ఎదురొస్తే బంతి ఎందుకు ముందే పడిపోతుందో, బంకర్లోంచి (ఇసుక గుంటలోంచి) బంతిని ఎలా లేపాలో మాకు నేర్పింది మీ గేమే. మా క్లాన్‌లో (గేమ్‌లోని మా జట్టులో) ఖమ్మం వాళ్లున్నారు, నెల్లూరు వాళ్లున్నారు, డల్లాస్‌లో రాత్రి డ్యూటీ చేసే ఒకాయన ఉన్నాడు. వీళ్లెవరూ నిజం గోల్ఫ్ స్టిక్ పట్టుకున్న పాపాన పోలేదు. అయినా వారాంతం టోర్నమెంట్ వస్తే గ్రూపులో గాలి లెక్కల మీద ఒకటే చర్చ. ఇంతమందికి ఇంత ఆసక్తి పుట్టించినందుకు మెచ్చుకోవాల్సిందే.

గొడవంతా బ్యాగ్ దగ్గరే, అంటే ఎవరి దగ్గర ఎలాంటి క్లబ్బులున్నాయన్న దగ్గరే వస్తోంది.

మొన్నొక మ్యాచ్. పార్ 5 హోల్, అంటే ఐదు షాట్లలో ముగించాల్సింది. టీ నుంచి దాదాపు 240 గజాల దూరంలో ఫెయిర్‌వేకి (కత్తిరించిన గడ్డి దారికి) అడ్డంగా వాగు. అది దాటితే రెండో షాట్‌కే గ్రీన్ (గుంత ఉండే నున్నటి పచ్చిక) అందుతుంది, దాటకపోతే మూడు. నా డ్రైవర్ లెవెల్ 4, ఎంత లాగినా 225 గజాలు. ఎదుటివాడిది అదే డ్రైవర్, లెవెల్ 9. షాట్ కొట్టేటప్పుడు ఊగే సూది సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు నేను వదిలాను, తెర మీద 'పర్ఫెక్ట్' అని మెరిసింది. బంతి వెళ్లి వాగుకి ఇవతల, నేను గురిపెట్టిన చోటే బుద్ధిగా కూర్చుంది. అవతలివాడు సూది జారవిడిచాడు, పర్ఫెక్ట్ కాలేదు, బంతి కాస్త కుడికి పోయింది. పోయినా వాగు దాటేసింది. వాడు మూడు షాట్లలో ముగించాడు, అంటే ఈగిల్. నాకు నాలుగు పట్టాయి, అంటే బర్డీ. నా కాయిన్లు పోయాయి. వాడు 'బాగా ఆడావు' అని బొమ్మ పంపాడు. వెటకారమో మర్యాదో ఇప్పటికీ తెలీదు.

ఆ హోల్లో నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. తప్పుంటే దిద్దుకోవచ్చు, సాధన చేయొచ్చు. తప్పు లేకుండా ఓడిపోతే ఏం నేర్చుకోవాలి? 'దుకాణం బటన్ నొక్కు' అన్న ఒక్క పాఠం తప్ప ఆ ఓటమిలో నాకేమీ కనబడలేదు. మీరు కోరుకున్నది కూడా అదేనేమోనన్న అనుమానంతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ గేమ్ ఏ ఆట పేరు పెట్టుకుందో ఆ ఆట చరిత్ర ఒకసారి చూడండి. 1930ల్లో పెద్ద ఆటగాళ్లు కొందరు 20కి పైగా క్లబ్బులు బ్యాగ్‌లో వేసుకుని తిరిగేవాళ్లు, ఆ బరువు మోసే క్యాడీల నడుములు విరిగేవి. ప్రతి చిన్న తేడాకీ ఒక క్లబ్ కొనుక్కుంటే ఇక చేతిపని దేనికి అన్న వాదన వచ్చింది. 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ, ఆ మరుసటి ఏడాది బ్రిటన్‌లోని గోల్ఫ్ సంస్థ ఆర్ అండ్ ఏ, 14 క్లబ్బులకు మించి తేకూడదని రూల్ పెట్టాయి. ఇప్పటికీ అదే రూలు. డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు. బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. క్లబ్ ముఖం బంతిని స్ప్రింగ్‌లా ఎగదన్నకుండా దానికీ ఒక హద్దు. బంతులు మరీ దూరం పోతున్నాయని 2023 డిసెంబర్లో బంతి పరీక్షను ఇంకా బిగిస్తున్నట్టు ప్రకటించారు. అంటే నిజం గోల్ఫ్ దాదాపు వందేళ్లుగా సామాను మీద కళ్లెం బిగిస్తూనే ఉంది. మీరేమో ఆ కళ్లేన్నే విడగొట్టి, ముక్కకింత అని అమ్ముతున్నారు.

స్పెయిన్‌లో పెడ్రెనా అనే ఊళ్లో సెవే బాలెస్టెరోస్ అనే కుర్రాడు చేతికి దొరికిన ఒకే ఒక్క 3-ఐరన్ అనే క్లబ్‌తో సముద్రపు ఒడ్డున ఇసుకలో ఆడుతూ పెరిగాడు. దూరం షాటూ దాంతోనే, బంకర్ షాటూ దాంతోనే. తర్వాత గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలైన మేజర్లలో 5 టైటిళ్లు గెలిచాడు. మీ గేమ్‌లో పుట్టి ఉంటే 3-ఐరన్ లెవెల్ 2 దగ్గర ఆగిపోయి, ఆరో టూర్ (గేమ్‌లో పై అంచె) గేటు బయట కూర్చునేవాడు.

మీరు అనబోయే మాట నాకు తెలుసు. 'అన్‌లాక్ అనేదే లేకపోతే ఆటకి మజా ఎక్కడిది? కొత్త క్లబ్ వస్తుందన్న ఆశే కదా రోజూ గేమ్ తెరిపించేది' అంటారు. నిజమే, ఒప్పుకుంటా. కొత్త వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) వచ్చిన రోజు నేనూ మా ఇంట్లో అందరికీ చూపించాను, ఎవరూ పట్టించుకోకపోయినా. నింటెండో 1984లో తెచ్చిన గోల్ఫ్ గేమ్‌లో అందరికీ మొదటి నుంచీ నిండు బ్యాగే ఉండేది. (దాని ప్రోగ్రామింగ్ చేసిన సతోరు ఇవాతా తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు.) అది గొప్ప ఆటే గానీ ఈ రోజు ఫోన్లో అంతటితో సరిపెట్టుకోమంటే మాకూ బోర్ కొడుతుంది. అదే నింటెండో 1999లో గేమ్ బాయ్ కలర్‌లో తెచ్చిన మారియో గోల్ఫ్‌లో మెట్లెక్కే పద్ధతి ఉంది. లెవెల్ పెరిగినప్పుడల్లా ఆ పెరుగుదలను దేనికి వాడాలో, దూరానికా అదుపుకా, ఆటగాడే తేల్చుకోవాలి. ఆడితే వచ్చేది, అడిగి తీసుకునేది. మెట్లు పెట్టొద్దని నేనూ అనను. ఆ మెట్లు ఎవరి కాళ్లతో ఎక్కుతున్నామన్నదే నా ప్రశ్న.

ముందు మ్యాచ్‌మేకింగ్, అంటే ఎవరికి ఎవర్ని ఎదురు నిలబెడతారన్న సంగతి.

మా ప్రకాశం, గుంటూరు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. జతల్ని మొదట పళ్లు చూసి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్స్. ఏ విభాగానికి తగ్గ బండ ఆ విభాగానికి. రెండు పళ్ల గిత్తల్ని తెచ్చి సీనియర్స్ బండకు కడితే జనం ఆ కమిటీ వాళ్లని అక్కడే నిలదీస్తారు. మీ గేమ్‌లో పొద్దుట్నుంచి రాత్రి దాకా జరుగుతున్నది అదే. ట్రోఫీల (గెలిస్తే వచ్చే పాయింట్ల) సంఖ్య దగ్గరగా ఉందా అన్నది చూస్తున్నారు, బ్యాగ్‌లో ఏముందో చూస్తున్నట్టు లేదు.

నిజం గోల్ఫ్‌లో దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు, హ్యాండిక్యాప్. తక్కువ ఆట వచ్చినవాడికి కొన్ని షాట్లు ముందే రాయితీ. దేశానికో లెక్క ఉండేది, 2020 నుంచి అందరికీ ఒకటే వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్. గరిష్ఠ హ్యాండిక్యాప్ 54. అందువల్లే ముప్పయ్యేళ్లుగా ఆడుతున్న తాత, నిరుడు మొదలుపెట్టిన మనవరాలు ఒకే పందెంలో నిజాయితీగా తలపడొచ్చు. క్రికెట్‌లోగానీ చదరంగంలోగానీ మామూలుగా ఇలాంటి ఏర్పాటు ఉండదు. గోల్ఫ్‌కి ఉన్న అందం ఇదే అనిపిస్తుంది నాకు. ఇంత మంచి పద్ధతి ఉన్న ఆటను తీసుకుని, సరిగ్గా ఆ ఒక్కదాన్నే పక్కన పడేశారు మీరు.

ఒక్క హోల్ మ్యాచ్‌లో షాట్ రాయితీ ఇస్తే ఆట చెడుతుంది, అది అర్థమవుతుంది. కానీ ముందు టీలు ఉన్నాయి కదా. చాలా కోర్సుల్లో టీలు వెనకా ముందూ రెండు మూడు చోట్ల ఉంటాయి, ఎవరి దూరాన్ని బట్టి వాళ్లు అక్కడి నుంచి కొడతారు. రెండు బ్యాగుల మధ్య తేడా ఇంత దాటితే బలహీనమైన బ్యాగ్‌వాడిని 20, 25 గజాలు ముందుకు జరపండి. పైన చెప్పిన హోల్లో నన్ను అంత ముందుకు జరిపి ఉంటే వాగు దాటడం నా సూది మీద ఆధారపడేది. అప్పుడు ఓడినా 'నా చెయ్యి జారింది' అనుకునేవాణ్ణి.

పాత గేముల్లోనూ ఈ తలనొప్పి లేకపోలేదు. 2008 నుంచి నడుస్తున్న వరల్డ్ గోల్ఫ్ టూర్‌లో రెండు నిచ్చెనలున్నాయి. సగటు స్కోరును బట్టి హ్యాక్, అమెచ్యూర్, ప్రో, టూర్ ప్రో, మాస్టర్ అంటూ ఒకటి. ఆడిన కొద్దీ పెరిగే లెవెల్ ఇంకొకటి, క్లబ్బులు తెరుచుకునేది దీని మీద. ఆట బాగుపడి మొదటి నిచ్చెన ఎక్కితే టీలు వెనక్కి పోతాయి. రెండో నిచ్చెన మీద ఇంకా కిందే ఉంటే చేతిలో ఆ దూరానికి సరిపోయే క్లబ్ ఉండదు. బాగా ఆడటమే శిక్ష అయిపోతుంది. అందుకే కొందరు కావాలని చెడగొట్టుకుని కిందే ఉండిపోతారు. నిజం గోల్ఫ్ క్లబ్బుల్లోనూ హ్యాండిక్యాప్ కాపాడుకోవడానికి ఇదే పని చేసేవాళ్లున్నారు, శాండ్‌బ్యాగింగ్ అంటారు. బ్యాగ్ బలం ఒక్కటే చూసి జత కలిపితే రేపు మీ గేమ్‌లోనూ అప్‌గ్రేడ్ ఆపేసి కింద గెలుచుకునే తెలివైనవాళ్లు తయారవుతారు. కాబట్టి ట్రోఫీలూ చూడండి, బ్యాగూ చూడండి. లెక్క కష్టమేమీ కాదు, ఇప్పుడు ఏ ఆటగాడికి ఏ ఆఫర్ ఏ గంటకు చూపించాలో అంతకన్నా పెద్ద లెక్కలే వేస్తున్నారు.

ఇక కార్డుల లాటరీ.

'ఎపిక్ కార్డు అవకాశం 1 శాతం' అని రాస్తారు, ఎపిక్ అంటే అరుదైనది. అదీ సెట్టింగ్స్‌లో మూడు మెనూలు దాటాక, దోమ కాలంత అక్షరాలతో. 1 శాతం అంటే వంద పెట్టెలు తెరిస్తే ఒకటి ఖాయం అనుకుంటాడు మామూలు మనిషి. అలా జరగదు. ఒక్కో పెట్టెలో రాకపోయే అవకాశం 99 శాతం. దాన్ని వంద సార్లు హెచ్చవేస్తే దాదాపు 0.366. అంటే వంద పెట్టెలు తెరిచిన ప్రతి వందమందిలో 36, 37 మంది చేతికి ఆ కార్డు ఒక్కటి కూడా రాదు. పది మందిలో తొమ్మిదిమందికి కనీసం ఒక్కటైనా రావాలంటే ఒక్కొక్కరు 230 పెట్టెలు తెరవాలి. అంతా కలిపి ఒక్క కార్డు! అప్‌గ్రేడ్‌కి ఒకటి చాలదు కదా.

అప్‌గ్రేడ్ లెక్క ఇంకో తమాషా. ఉదాహరణకి మొదటి మెట్టుకి 2 కార్డులు, తర్వాత 4, 8, 16 అంటూ ప్రతిసారీ రెట్టింపు అనుకుందాం. లెవెల్ 9 దాకా మొత్తం కలిపి 510 కార్డులు. లెవెల్ 9 నుంచి 10కి ఒక్క మెట్టుకే 512. ఇన్నాళ్లు ఎక్కిన మెట్లన్నీ ఒక ఎత్తు, చివరిదొక్కటీ ఒక ఎత్తు. ఎనిమిదో లెవెల్లో 'దగ్గరకొచ్చేశాం' అనుకుంటాం గానీ, నిజానికి దారిలో నాలుగో వంతే నడిచాం. అక్కడే మీ '24 గంటల ఆఫర్' గంట మోగుతుంది.

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. వాడికి నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. 'అయితే మామయ్యా, స్కూల్లో చెప్పిన సంభావ్యత ఇదేనా?' అన్నాడు. అవునన్నాను. ఐదు నిమిషాలు ఆగి, 'ఈసారి రావచ్చు కదా' అని ఇంకో పెట్టె తెరిచాడు. పెద్దవాళ్లం మేమూ అంతే, వాడిమీద నవ్వడానికి లేదు.

ఇలాంటి పెట్టెల మీద ప్రపంచంలో ఇప్పటికే చాలా జరిగింది. 2017 డిసెంబర్లో యాపిల్ తన యాప్ స్టోర్‌లో, డబ్బుతో కొనే పెట్టెల్లో ఏది ఎంత శాతం వస్తుందో ముందే చెప్పాలని రూల్ తెచ్చింది. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సుల్ని జూదం కిందే లెక్కగట్టింది. దక్షిణ కొరియా 2024 మార్చి నుంచి శాతాలు బయటపెట్టడం చట్టం చేసింది. మన దేశంలో 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే గేముల్ని అది నిషేధించింది. మీ పెట్టెలోంచి డబ్బు రాదు, కార్డే వస్తుంది కాబట్టి ఆ వల మీకు తగలదు. తగలనంత మాత్రాన చేసేదంతా బాగున్నట్టు కాదని వేరే చెప్పక్కర్లేదు. నేను అడుగుతున్నది కోర్టు సంగతి కూడా కాదు. పెట్టెలో చెత్త వచ్చినా పర్లేదు, ఆ చెత్త ఎందుకైనా పనికిరానివ్వండి. ఇప్పటికే చివరి లెవెల్‌కి చేరిన పుటర్ (బంతిని గుంతలోకి దొర్లించే క్లబ్) కార్డులు నా దగ్గర గుట్టలుగా పడున్నాయి. పదో ఇరవయ్యో తీసుకుని నేను కోరుకున్న ఒక్క కార్డు ఇవ్వండి. లేదా ఇన్ని పెట్టెలు తెరిచాక రాకపోతే తర్వాతి పెట్టెలో ఖాయం అని ఒక హద్దు పెట్టండి. చాలా గేముల్లో ఈ ఏర్పాట్లు ఉన్నాయి, వాటివల్ల ఎవరూ దివాలా తీయలేదు. ధర కూడా జెమ్స్‌లో కాకుండా రూపాయల్లో చూపించండి. 1,200 జెమ్స్ అంటే మాకు చులకన, అదే రూపాయల్లో చూస్తే చెయ్యి ఆగుతుంది. ఆగుతుందనే కదా చూపించనిది.

క్లబ్బుల స్వభావం గురించి ఒక మాట. మీ గేమ్‌లో లెవెల్ పెరిగితే దూరం పెరుగుతుంది, గురి పెరుగుతుంది, స్పిన్ పెరుగుతుంది, అన్నీ ఒకేసారి. నిజం క్లబ్ అలా ఉండదు. షాఫ్ట్ (క్లబ్ కర్ర) పొడుగైతే దూరం పోతుంది గానీ ముఖం తిన్నగా తగలడం కష్టం. లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) తక్కువైతే బంతి నేల దగ్గరగా దూసుకెళ్తుంది గానీ గ్రీన్ మీద ఆగదు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. కొత్త క్లబ్ తెరుచుకోవడమంటే ఇంకో ఎంపిక దొరకడం కావాలి. అప్పుడు లెవెల్ 3 వాడికి కూడా ఏదో ఒక హోల్లో తన క్లబ్బే మేలనిపించే అవకాశం ఉంటుంది, లెవెల్ 9 వాడికి కూడా ఈ హోల్లో ఏది తీయాలా అన్న టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షనే కదా గోల్ఫ్.

అమ్మేశాక స్టాట్స్ (క్లబ్ బలం చెప్పే అంకెలు) మార్చడం మాత్రం మానండి. నెలలపాటు కార్డులు పోగేసి ఒక వుడ్ (దూరం షాట్ల క్లబ్) పెంచుకుంటే, 'బ్యాలెన్స్ కోసం' అని ఒక అప్‌డేట్‌లో దాని కర్ల్ (బంతిని పక్కకి వంచే శక్తి) తగ్గించేశారు. మా డల్లాస్ ఆయన దానికి డాలర్లు పోశాడు. ఆ రోజు గ్రూపులో ఆయన వాడిన తెలుగు ఇక్కడ రాయలేను. మార్చక తప్పదంటే మార్చండి, ఖర్చైన కార్డులు, కాయిన్లు వెనక్కివ్వండి.

ఆన్‌లైన్ గేమ్‌లో మేం కొనేది ఏదీ నిజానికి మాది కాదన్న సంగతి మాకూ తెలుసు. 2004లో కొరియాలో మొదలైన పాంగ్యా అనే ఆన్‌లైన్ గోల్ఫ్ గేమ్‌కి అక్కడా జపాన్‌లోనూ ఎంతో పేరుండేది. కొరియా సర్వర్లు 2016లో, జపాన్ సర్వర్లు 2017లో మూతపడ్డాయి. వాటితోపాటే అందరి క్లబ్బులూ, బట్టలూ పోయాయి. రేపు మీదీ అంతే కావచ్చు. అది తెలిసీ కొంటున్నవాళ్ల మీద కాస్త గౌరవం చూపించమనే అడుగుతున్నాం.

మీకు రాబడి కావాలి. సర్వర్లు గాలితో నడవవు, మీ దగ్గర పనిచేసేవాళ్లకు జీతాలివ్వాలి. అమ్ముకోవడానికి గేమ్ నిండా చోటుంది: చొక్కాలు, టోపీలు, బంతి వెనక మెరిసే తోక, కొత్త కోర్సుల పాస్, సీజన్ పాస్. మా క్లాన్‌లో కొనేవాళ్లు వీటినీ కొంటున్నారు. అంతెందుకు, డబ్బు పెట్టి బలమైన బ్యాగ్ కొన్నవాడికి కూడా ఎదురుగా నాలాంటివాళ్లు ఉండాలి. మేమంతా విసుగొచ్చి యాప్ తీసేస్తే, లెవెల్ 10 డ్రైవర్‌తో వాడు ఎవరిమీద గెలుస్తాడు? 'ఉచితంగా ఆడుకునేవాళ్లకి ఇన్ని అడిగే హక్కేంటి' అని మీలో ఎవరైనా అనుకుంటే, మీ ఖరీదైన పెట్టెలకు గిరాకీ తెస్తున్నది మా ఓటములేనని వాళ్లకి చెప్పండి.

పెద్ద మార్పులకు టైం పడుతుందంటే చిన్నదొకటి ముందు చేసి చూడండి. వారానికి ఒక రోజు సమాన బ్యాగ్ లీగ్ పెట్టండి. అందరికీ ఒకే 14 క్లబ్బులు, ఒకే లెవెల్, ఒకే రకం బంతి. అందులో గెలిచినవాళ్లకి తమకు కావలసిన కార్డు ఎంచుకునే వీలు. ఆ రోజు ఎంతమంది వస్తారో, ఎంతసేపు ఆడతారో మీ దగ్గరే లెక్క తేలుతుంది. ఎవరూ రాకపోతే నా ఉత్తరం చింపేయండి.

ఆలోగా ఒక్క ప్రశ్నకి జవాబివ్వండి. ఎదుటివాణ్ణి వెతికేటప్పుడు మీ సిస్టమ్ మా బ్యాగ్ బలాన్ని చూస్తోందా, లేదా? సపోర్ట్‌కి అడిగితే ప్రతిసారీ 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అనే జవాబే వస్తోంది. అవును అనో కాదు అనో వచ్చే అప్‌డేట్ నోట్స్‌లో ఒక లైన్ రాయండి చాలు.

ఇట్లు,
వాగుకి ఇవతల ఆగిపోయిన లెవెల్ 4 డ్రైవర్‌తో,
మీ గేమ్ ఆటగాడు ఒకడు